పురుగును పోల్చుకొనుట: చేతి ఫోనుతో చిత్రము తీయు విధానము

వంగతోటలో ఆకులు జల్లెడవలె తూట్లు పడినవి. ఆకు మీద ఎర్రని గుండ్రని పురుగు, దాని వీపున నల్లని చుక్కలు. ప్రక్కనే ఉన్న పత్తి చేనిలో పేనుబంక పట్టిన కొమ్మ మీద కూడ ఎర్రని గుండ్రని పురుగే, వీపున నల్లని చుక్కలే. రెంటిని మన పల్లెలలో అక్షింతల పురుగులనియే పిలుతురు. మొదటిది ఆకును గీకి తినును. అది రైతుకు శత్రువు. రెండవది పేనుబంకను తినును; అది రైతుకు మిత్రము. మందు డబ్బాకు ఈ భేదము తెలియదు. తెలియవలసినది దానిని వీపున మోయు మనిషికి.

ఈ రెంటికి గల తేడా వ్రేలి గోటిపై పట్టునంతటిది. వంగను తిను అక్షింతల పురుగు వీపు మీద సన్నని నూగు ఉండును; అందువలన అది మెరయక, మాసిన రాగి రంగులో కనబడును. చుక్కలు పండ్రెండో, ఇరువది ఎనిమిదో ఉండును. పేనుబంకను తిను దాని వీపు నున్నగా, తోమిన ఇత్తడి చెంబువలె తళతళలాడును. పిల్లల విషయములో భేదము మరింత స్పష్టము. వంగ పురుగు పిల్ల పసుపు పచ్చగా ఉండి ఒడలెల్ల కొమ్మలు చీలిన ముండ్లు కలిగి ఉండును. మిత్రపురుగు పిల్ల మాత్రము నల్లగా, పొడవుగా, చిన్న మొసలివలె భయంకరముగా నుండును. చూపునకు భయంకరమైనది గనుక దానినే ముందుగా నలిపివేయుదురు! కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల గ్రామములలో మేము తిరిగినంత వరకు, ఈ పిల్లను మిత్రమని గుర్తించిన రైతులు తక్కువగనే కనబడిరి. తల్లి పురుగును అందరును ఎరుగుదురు. పిల్లను ఎవరును ఎరుగరు.

కంటికి ఆననంత చిన్న భేదములను పెద్దవిగా చేసి చూపు సాధనము నేడు దాదాపు ప్రతి యింటను ఉన్నది. అది చేతి ఫోను. దానితో చిన్న ప్రాణులను దగ్గరగా చిత్రము తీయుటను మాక్రో ఫొటోగ్రఫీ అందురు. వేడుక కొరకు చేయువారు దేశమంతటను వేలకొలది కలరు. మన ఉద్దేశము వేడుక కాదు. వేడుకయైనను తప్పు లేదు. పురుగు పేరు తెలిసిన తరువాతనే మందు మాట ఎత్తవలెననునదే ఈ వ్యాసము యొక్క ముఖ్యోద్దేశము.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన పలు జిల్లాలుగా ఏర్పడినవి. గోదావరికి ఇటు కాలువ నీటి క్రింద వరి, మెట్టలలో మక్క, పసుపు. అటు నల్లరేగడులలో పత్తి, సోయా, కంది. పైరు మారిన కొలది పురుగు మారును. పత్తికి కొట్టెడి మందు సంగతి చెప్పవలెనన్న ఒక విషాదమును తలచుకొనక తప్పదు. 2017లో పెన్‌గంగకు ఆవల, ఆదిలాబాదుకు పొరుగున నున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో, పత్తి చేలలో మందు కొట్టుచు విషమును పీల్చి ఇరువదిమందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి. అవసరము లేని పిచికారి ఒక్కటి తగ్గినను ఆ మేరకు ఖర్చు మాత్రమే కాదు, ప్రాణభయము కూడ తగ్గును.

పేర్లతోనే చిక్కు మొదలగును. మనము దోమ అను మాటను ఎన్నిటికో వాడుచున్నాము. రాత్రివేళ కుట్టునది దోమ. పత్తి మీద తెల్లదోమ, పచ్చదోమ. వరి మీద సుడిదోమ. కుట్టు దోమ ఈగ జాతిది. మిగిలిన మూడును ముక్కు గ్రుచ్చి మొక్క రసమును పీల్చు వేరొక జాతివి, దోమతో వాటికి చుట్టరికమే లేదు. నల్లి మాటయు అంతే. మంచపు నల్లికి ఆరు కాళ్లు. పిండినల్లికి ఆరు కాళ్లు. కాని మిరప ఆకు క్రింద నుండు నల్లికి ఎదిగిన దశలో సాధారణముగా ఎనిమిది కాళ్లు. ఎనిమిది కాళ్ల నల్లికి వాడవలసిన మందు వేరు, పిండినల్లికి వాడవలసినది వేరు. దుకాణమునకు పోయి నల్లి మందు ఇమ్మని అడిగిన, అతడు ఏ నల్లికని ఇచ్చును?

కనుక మొట్టమొదట కాళ్లు లెక్కపెట్టవలెను. పెరిగిన ప్రాణికి ఆరు కాళ్లున్న అది కీటకము. ఎనిమిది ఉన్న సాలీడు, తేలు, నల్లి వర్గములోనిది. అంతకు మించి ఉన్న జెర్రియో, రోకలిబండయో అయి ఉండును. దీనిని నేర్చుకొనుటకు ఆరుద్ర పురుగు చక్కని పాఠము. ఆరుద్ర కార్తెలో, అనగా జూన్ నెల చివరి దినములలో, తొలకరి వానలకు నేల మీదికి వచ్చు ఈ ఎర్రని మఖమలు ముద్దను ఎరుగని పల్లెబిడ్డ ఉండడు. పురుగు అని పేరే గాని కాళ్లు ఎనిమిది. అది నల్లికి చుట్టము, కీటకము కాదు. చిత్రమేమనగా దాని పిల్లకు ఆరే కాళ్లు. ఆ పిల్ల మిడుతల వంటి కీటకములను అంటిపెట్టుకొని వాటి రసమును పీల్చి బ్రతుకును. ఆరుద్ర పురుగు మెల్లగా నడచును, ఎగురదు, కరవదు. చిత్రము తీయుట నేర్చుకొనువారికి దానికన్న ఓపిక గల గురువు దొరకదు. ఒక్కటే జాగ్రత్త: ఎండలో తీసిన ఆ ఎరుపు పొంగి ముద్దగా కనబడును. ఫోను తెరపై వెలుగును కొంత తగ్గించి తీసిన వెంట్రుక వెంట్రుకగా వచ్చును.

ఇక చిత్రము తీయు పద్ధతి. ఫోను కటకము ఒక హద్దు దాటి దగ్గరకు పోయిన చూపు నిలుపలేదు, చిత్రము మసకబారును. దగ్గరకు పోయిన కొలది పెద్దగా వచ్చునను భ్రమతో చాలమంది అక్కడనే చెడగొట్టుకొందురు. జానెడు దూరమున నిలిచి, స్పష్టముగా తీసి, ఆ తరువాత కావలసిన భాగమును కత్తిరించుకొనుట మేలు. కొన్ని ఫోనులలో మాక్రో అను ప్రత్యేక ఏర్పాటే కలదు. లేనివారు ఫోనుకు తగిలించు చిన్న కటకమును కొనవచ్చును. అదియు లేనిచో బడిలో పిల్లలు వాడు భూతద్దమును ఫోను కంటికి ఆనించి పట్టినను పని జరుగును. కటకమును ముందుగా మెత్తని గుడ్డతో తుడువవలెను. చేనిలో పనిచేయువారి జేబులోని ఫోనుకు దుమ్ము, చెమట అంటి ఉండుట సహజము. మసక చిత్రములు కొన్ని దీనివలననే వచ్చుచుండును.

దగ్గరగా తీసినపుడు స్పష్టముగా పడు మందము మిక్కిలి స్వల్పము. కొన్నిసార్లు వడ్లగింజ మందము కూడ ఉండదు. పురుగు తల స్పష్టముగా వచ్చిన తోక మసకగా వచ్చును. అందువలన పురుగు ఒడలు ఎట్లు వాలి ఉన్నదో ఫోనును అట్లే వాల్చి, రెంటిని సమాంతరముగా ఉంచవలెను. తెరపై పురుగు కంటి మీద వ్రేలితో తాకిన చూపు అచట నిలుచును. గాలికి ఆకు ఊగుచున్న, ఎడమచేతితో కాడను పట్టుకొని, ఆ చేతి మణికట్టుకే ఫోను పట్టిన చేతిని ఆనించవలెను. అపుడు ఆకు, ఫోను కలిసి ఊగును గాని విడివిడిగా ఊగవు. ఒక్కటి తీసి తృప్తి పడరాదు. పది తీసిన రెండు మంచివి దొరకును.

వేళ విషయములో ప్రాతఃకాలమును మించినది లేదు. పురుగుల ఒంటి వేడి గాలి వేడిని బట్టి ఉండును. తెల్లవారి చలికి అవి మందగించి, మంచు బిందువులతో కూడ కదలక కూర్చుండును. ఎండ ఎక్కిన కొలది చురుకుదనము వచ్చి ఎగిరిపోవును. మధ్యాహ్నమే తీయవలసి వచ్చిన, తెల్లని రుమాలును పురుగునకు, ఎండకు మధ్య పట్టవలెను. వెలుగు మెత్తబడి నీడలు కరుగును. ఫోను దీపమును వాడినను దాని ముందు పలుచని తెల్లకాగితము ఉంచవలెను. మన నీడ పురుగు మీద పడిన అది బెదరును. తెల్లవారుజామున పొలము గట్లపై పాము భయము ఉండును గనుక బూట్లు లేక, కర్ర లేక పోరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఏయే చిత్రములు కావలెను? పైనుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, ముఖమునకు ఎదురుగా ఒకటి. పురుగు చేసిన నష్టము, అనగా తూట్లు, మెలికలు, రెట్టలు, ఒకటి. ఆకు అడుగు భాగము ఒకటి. గ్రుడ్లు చాలవరకు అచ్చటనే ఉండును. మొక్క మొత్తము ఒకటి. ఏదో ఒక చిత్రములో పురుగు ప్రక్కన రూపాయి నాణెమునో, అగ్గిపుల్లనో ఉంచవలెను. లేనిచో గోరంత పురుగు, వ్రేలంత పురుగు తెరపై ఒక్క తీరుననే కనబడును. గ్రామము పేరు, తేదీ, పైరు పేరు, విత్తి ఎన్ని దినములైనది వ్రాసి ఉంచవలెను. ఈ నాలుగు మాటలు లేని చిత్రము చూచి శాస్త్రజ్ఞుడైనను సగము సమాధానమే చెప్పగలడు.

ఇట్టి చిత్రము ఎంత పని చేయునో మక్క చేనిలోని కత్తెర పురుగు వలన తెలియును. అది అమెరికా ఖండముల పురుగు. 2016లో ఆఫ్రికాలో కనబడి, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతమున మన దేశములో మొదటిసారి బయటపడినది. ఆ సంవత్సరమే తెలంగాణ మక్క చేలకు వచ్చినది. దాని రెక్కల పురుగు గాలి వాలున ఒక్క రాత్రిలో నూరు కిలోమీటర్ల వరకు పోగలదు. మక్క మొవ్వులో అదివరకే శనగపచ్చ పురుగు, లద్దె పురుగు ఉండుటచే క్రొత్తది వచ్చినట్లు రైతు గుర్తించుట సులభము కాదు. కాని దాని తలను దగ్గరగా తీసి చూచిన, ముఖము మీద లేత రంగు గీతలు తలక్రిందులైన ఆంగ్ల వై అక్షరము వలె చీలి ఉండును. తోక వైపున, చివరినుండి రెండవ కణుపు మీద, నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగా, చౌపటపు గడి నాలుగు మూలల వలె ఉండును. ఈ రెండు గుర్తులు కలిసి ఉన్న అది కత్తెర పురుగే. పిల్ల దశలో అది ఆకు పచ్చదనమును గీకి తినుటచే ఆకుపై తెల్లని పొర కిటికీలు ఏర్పడును. పెరిగిన తరువాత మొవ్వులో రంపపు పొట్టు వంటి రెట్ట కుప్పపడును. కిటికీల దశలో పట్టుకొన్న స్వల్ప వ్యయముతో పోవును. మొవ్వులో దూరి రెట్టతో ద్వారము మూసుకొన్న పిదప మందు దానిని చేరుట కష్టము.

పత్తిలోని గులాబీ రంగు పురుగు సంగతి ఇందుకు విరుద్ధము. అది కాయలోపల ఉండును; బయట చిత్రము తీయుటకు దొరకదు. పిల్ల పురుగు లేతకాయలోనికి దూరిన రంధ్రము పూడిపోవును గనుక కాయ పైకి నిగనిగలాడుచునే ఉండును. మన దేశములో బీటీ పత్తికి 2002లోను, రెండు జన్యువుల రకమునకు 2006లోను అనుమతి లభించినది. ఆ తరువాతి సంవత్సరములలో గులాబీ పురుగు ఆ విషమును తట్టుకొను శక్తిని సంపాదించినది. కనుక బీటీ విత్తనము వేసితిమి గదా, కాయతొలుచు పురుగు రాదని నిశ్చింతగా నుండుటకు వీలు లేదు. చిత్రము తీయవలసినది పురుగును కాదు, దాని జాడలను. రేకులు విచ్చుకొనక ముడుచుకొని గులాబీ మొగ్గవలె ఉన్న పువ్వు ఒకటి. దీనినే గుడ్డిపువ్వు అందురు. విప్పి చూచిన లోపల పురుగు ఉండును. రెండవది, కోసిన పచ్చికాయ లోపలి తొనల మధ్య గోడకు పడిన చిన్న గుండ్రని రంధ్రము. మూడవది, రెండు గింజలను కలిపి అతికించిన జంట విత్తు. లింగాకర్షక బుట్టలో పడు రెక్కల పురుగులను గూడ లెక్కించి చిత్రము తీయవచ్చును. ఒక్క బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున మూడు రాత్రులు వరుసగా పడిన, చర్య తీసుకొనవలసిన సమయము వచ్చినదని లెక్క. అన్నింటికన్న ముఖ్యము, డిసెంబరు దాటిన తరువాత ఆశకు పోయి పంటను పొడిగింపక మోళ్లను తీసివేయుట. ఈ మాట రైతులకు రుచింపదని మేమెరుగుదుము, అయినను చెప్పక తప్పదు.

వరిలో చూడవలసిన చోటు దుబ్బు అడుగు. సుడిదోమ నీటికి పైగా కాండము మొదట గుంపుగా చేరి రసము పీల్చును. అచ్చటనే దానిని తిను సాలీళ్లును, దాని గ్రుడ్లను పీల్చు చిన్న పచ్చని మిరిడ్ నల్లులును ఉండును. శత్రువు, మిత్రుడు ఒక్క దుబ్బులోనే కాపురముండుటచే విషపు మందు కొట్టిన రెండును చచ్చును. కాండములో దాచిన సుడిదోమ గ్రుడ్లు మాత్రము మిగులును. పది దినములకు పిల్లలు వెలువడునప్పటికి తినువారు లేరు. మందు కొట్టిన కొలది దోమ పెరుగుటకు కారణము ఇదియే. ఇండోనేషియాలో ఈ విపత్తు ఎంత దూరము పోయినదనగా, 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 రకముల మందులను నిషేధించి, రైతులకు మిత్రపురుగులను గుర్తించుట నేర్పు కార్యక్రమమును చేపట్టినది. కాకతీయ కాలువ క్రింది రైతులు దుబ్బు మొదట ఫోను పెట్టి ఒక చిత్రము తీసి, దోమలెన్ని, సాలీళ్లెన్ని అని లెక్కించిన, మందు కొట్టవలెనా వలదా అనునది సగము తేలును.

సాలీళ్లను గుర్తించుటకు గూళ్ల కన్న కండ్లు ముఖ్యము. పెక్కు సాలీళ్లకు ఎనిమిది కండ్లు. అవి ముఖముపై అమరిన తీరును బట్టి కుటుంబము చెప్పవచ్చును. వరి పొలములో నీటిపై పరుగెత్తు తోడేలు సాలీడునకు క్రింది వరుసలో నాలుగు చిన్న కండ్లు, వాటిపై రెండు పెద్దవి, వెనుక మరి రెండు. అది గూడు కట్టి కాచుకొనదు, వేటాడును. ఆడది గ్రుడ్ల సంచిని తోకకు తగిలించుకొని తిరుగును, పిల్లలు పుట్టిన వీపున ఎక్కించుకొనును. గోడల మీద దూకు సాలీడునకు ముందు రెండు కండ్లు మోటారు కారు దీపముల వలె ఉండును. కాళ్లనిండ ముండ్లుండి పత్తి ఆకుల మీద దూకి వేటాడునది మరొకటి. ఇవేవియు పైరును కొరుకవు. సాలీడు ఆకు తినుట ఈ ప్రాంతపు పొలములలో ఎచ్చటను జరుగదు.

అయితే చిత్రమునకు హద్దు కలదు. సాలీడు జాతిని కచ్చితముగా నిర్ణయించుటకు సూక్ష్మదర్శిని క్రింద దాని జననేంద్రియములను పరిశీలింపవలసి ఉండును. చిన్న కందిరీగలు, తామర పురుగులు కూడ అంతే. ఫోనులోని యాప్ చిత్రము చూచి పేరు చెప్పినపుడు అది ఊహయే. నూటికి నూరుపాళ్లు నిజమని తీసుకొనరాదు. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టు 15న ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థలోను చిత్రము పంపి సలహా పొందు ఏర్పాటు కలదు. యంత్రము చెప్పిన పేరును మనిషికి చూపి సరిచూచుకొనుట ఉత్తమము. జగిత్యాల వద్ద పొలాసలోను, ఆదిలాబాదులోను వ్యవసాయ పరిశోధన కేంద్రములు, జమ్మికుంటలో కృషి విజ్ఞాన కేంద్రము కలవు. గ్రామములో వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు.

మిత్రుడు, శత్రువు అను మాటలు కూడ చేనిని బట్టియే అర్థము మార్చుకొనునని చెప్పుటకు దసలి పట్టు ఉదాహరణము. మహదేవపూర్, చెన్నూరు అడవులలో మద్ది చెట్లపై ఈ పట్టుపురుగులను ఆరుబయట పెంచుదురు. బల్లెము వంటి ముక్కుతో గొంగళులను గ్రుచ్చి పీల్చు ఒక వేటనల్లి కలదు. పత్తి చేనిలో అది కనబడిన రైతు సంతోషింపవచ్చును. లద్దె పురుగులను చంపును. అదే నల్లి మద్ది చెట్టు ఎక్కిన దసలి పురుగులను చంపి పెంపకందారుని ఆదాయమునకు గండి కొట్టును. ఊజీ ఈగ సంగతి ఇంకను సూక్ష్మము. అది పట్టుపురుగు చర్మముపై గసగసాల వంటి తెల్లని గ్రుడ్డు పెట్టును; పిల్ల లోపలికి దూరిన చోట నల్లని మచ్చ మిగులును. ఆ మచ్చను దగ్గరి చిత్రములో చూచి రోగపు పురుగులను ముందే ఏరివేసిన, ఈగ పెరిగి తక్కిన చెట్లకు వ్యాపింపకుండును.

చిత్రములు పంపుటలో ఒక చిన్న జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రము కుంచించుకొనిపోయి, కత్తెర పురుగు తలపై గీతల వంటి సన్నని గుర్తులు చెరిగిపోవును. అందులోనే డాక్యుమెంటు అను మార్గమున పంపిన తీసినది తీసినట్లు చేరును. ఫోను లేనివారు, చిత్రము తీయుట చేతగానివారు పురుగును కొట్టి చంపక, మూతకు రంధ్రములు చేసిన సీసాలో, అది తినుచున్న ఆకుతో కూడ వేసి రైతు వేదికకు తీసుకొనిపోవచ్చును. మాట్లాడి తెలిసికొనదలచినవారు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరునకు ఖర్చు లేకయే తెలుగులో ఫోను చేయవచ్చును. అపుడు కాళ్లు ఎన్ని, వీపు నున్ననా నూగా, ఆకు పైననా క్రిందనా అను మూడు సంగతులు ముందే చూచుకొని యుండవలెను.